వెంటిలేటర్ మీదున్న పిల్లల్ని ఇంటికి పంపాలంటే: సామాన్ల పట్టిక సరే, మిగతా సంగతి?

వార్డు_కిటికీ

పిల్లల ఐసీయూల్లో కొందరు పిల్లలు నెలల తరబడి ఉండిపోతారు. జబ్బు తగ్గదు, అలాగని ముదరదు. మెడకి చేసిన రంధ్రంలో ఊపిరి కోసం పెట్టిన ట్రాకియాస్టమీ గొట్టం, రాత్రుళ్లు వెంటిలేటర్, పొట్టలోకి ఫీడింగ్ ట్యూబు, జలుబు చేస్తే ఆక్సిజన్. డాక్టరు రోజూ వచ్చి మార్చే మందేమీ ఉండదు. ఇంటికి పంపొచ్చని అందరికీ తెలుసు. పంపే ధైర్యం మాత్రం ఎవరూ చేయరు.

ఇలాంటి పిల్లలు ఒకరో ఇద్దరో ఇంటికి చేరారంటే అది తల్లిదండ్రుల పట్టుదల వల్లే. ఆ పట్టుదల లేని కుటుంబం పిల్లలు కూడా వెళ్లగలిగేలా ఒక పద్ధతి రాయాలి. ఇప్పుడున్న ముసాయిదాలో సామాన్ల పట్టిక నాలుగు పేజీలు, తల్లిదండ్రుల శిక్షణ ఒక పేరా. లోపం అక్కడే ఉందని అనుమానం.

అడగదలచుకున్నవి ఇవి. పిల్ల ఇంటికి సిద్ధం అని దేన్ని చూసి తేల్చాలి? ఇంట్లోవాళ్లకు ఏమేం నేర్పాలి, నేర్చుకున్నారని ఎలా తెలుస్తుంది? కరెంటు పోతే ఎంతసేపు నెట్టుకురాగలగాలి? ఇళ్లకు వెళ్లే నర్సులు దొరకని చోట ఈ పని అసలు మొదలుపెట్టొచ్చా?

'డాక్టర్ని సంప్రదించండి' అనే జవాబు దయచేసి వద్దు. అడుగుతున్నవాళ్లలో డాక్టర్లూ ఉన్నారు.

ఊపిరి_లెక్క

అనుమానం నిజమే. యంత్రాలు డబ్బుంటే వస్తాయి. రాత్రి మూడింటికి గొట్టం మూసుకుపోతే ఏం చేయాలో తెలిసిన చేతులు డబ్బుతో రావు.

ముందు సిద్ధమా కాదా అన్నది. సాధారణంగా చూసేవి: వెంటిలేటర్ సెట్టింగులు కనీసం రెండు మూడు వారాలుగా మారకపోవడం, పీల్చే గాలిలో ఆక్సిజన్ అవసరం 40 శాతం లోపు ఉండటం, మెడ మీది రంధ్రం మాని గట్టిపడి గొట్టం ఇబ్బంది లేకుండా మార్చగలగడం, బరువు పెరగడం. వీటికన్నా ఎక్కువగా జనం మరిచిపోయేది ఒకటుంది. పిల్ల ఇంటికి తీసుకెళ్లే యంత్రం మీదే ఆసుపత్రిలో కనీసం వారం పది రోజులు ఉండాలి. ఐసీయూ వెంటిలేటర్‌లోని అంకెలు ఇంటి యంత్రంలో అచ్చంగా వేస్తే పనిచేయవు. కఫ్ (గాలి కారకుండా గొట్టం చుట్టూ ఉబ్బే బుడగ) లేని గొట్టం పక్కల నుంచి గాలి కారుతుంది, ఆ కారడాన్ని రెండు యంత్రాలూ ఒకేలా సర్దుకోవు, చిన్నపిల్ల తీసుకునే చిన్న శ్వాసను పసిగట్టే తీరు కూడా వేరు. యంత్రం మార్చిన రోజే డిశ్చార్జి పెట్టుకుంటే మూడో రోజుకి పిల్ల తిరిగొస్తుంది.

రెండోది అలారం. దీని గురించి గట్టిగా చెప్పాలి. గొట్టం మెడలోంచి ఊడిపోతే వెంటిలేటర్ తప్పకుండా అరుస్తుందని అందరూ నమ్ముతారు. చిన్న సైజు గొట్టాల్లో అది అబద్ధం కావచ్చు. 3 మి.మీ., 3.5 మి.మీ. గొట్టం బయటికి వచ్చేసి దుప్పటి మీద పడున్నా, ఆ సన్నటి గొట్టంలోంచి గాలి దూరడానికి పట్టే ఒత్తిడి వల్ల యంత్రం అంతా బాగానే ఉందనుకుంటుంది. డిశ్చార్జికి ముందు ఒక పరీక్ష చేయండి. అదే సైజు కొత్త గొట్టాన్ని సర్క్యూట్‌కి, అంటే యంత్రం ట్యూబులకి, తగిలించి, పిల్లకి కాకుండా గాల్లోకి వదిలేసి, యంత్రం నడపండి. ఎన్ని సెకన్లకి అరిచిందో రాసుకోండి. అసలు అరవకపోతే తక్కువ ఒత్తిడి అలారం, తక్కువ గాలి అలారం రెండింటినీ సర్దాలి. అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు ఇంట్లో పల్స్ ఆక్సిమీటర్ ఉండాలని చెబుతాయి. వెంటిలేటర్ అలారాన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దనడానికి కారణం ఇదే.

శిక్షణలో మొదటి పాఠం సక్షన్, అంటే గొట్టంలోని కళ్లెని కెథెటర్ అనే సన్నటి ట్యూబుతో లాగేయడం. ఇక్కడ జరిగే పొరపాట్లు మూడు.

కెథెటర్ ఎంత లోపలికి వెళ్లాలో చేతి అంచనాతో చేయడం మొదటిది. అదే సైజు గొట్టం ఒకటి పక్కన పెట్టుకుని, కెథెటర్ చివరి రంధ్రాలు గొట్టం కొనకి అవతల కొద్దిగా కనిపించేదాకా దూర్చి, ఆ పొడవు గుర్తు పెట్టాలి. అర సెంటీమీటరు దాటనక్కర్లేదు. తగిలేదాకా దూర్చి వెనక్కి లాగే పాత అలవాటు శ్వాసనాళం గోడని గీరి రక్తం తెప్పిస్తుంది, గీరిన చోట మాంసం పెరుగుతుంది.

రెండోది ఒత్తిడి. పిల్లలకి 80 నుంచి 100 మి.మీ. పాదరసం చాలు. ఇళ్లకి ఇచ్చే పంపులు దీనికి అయిదు రెట్లు లాగగలవు. ట్యూబు చివర బొటనవేలితో మూసి మీటరు చూసి సర్దాలి, తెరిచి ఉంచి చూస్తే అంకె తప్పు. కెథెటర్ సైజుకి గుర్తు: గొట్టం లోపలి వ్యాసానికి రెట్టింపు. 4 మి.మీ. గొట్టానికి 8 ఫ్రెంచ్ (కెథెటర్ల సైజు కొలత).

మూడోది సమయం. లోపలికి, బయటికి కలిపి 5 సెకన్లు. నేర్పేటప్పుడు నర్సు తన ఊపిరి బిగబట్టి చూపిస్తే తల్లిదండ్రులకి వెంటనే అర్థమవుతుంది. ప్రతిసారీ సెలైన్ చుక్కలు వేయడం అలవాటు చేయొద్దు. కళ్లె గట్టిపడుతోందంటే తేమ చాలడం లేదని, అది సర్దాలి.

ఇక గండం వచ్చినప్పుడు. వరస ఒక్కటే, గోడకి అంటించి ఉండాలి:

పిల్ల నీలంగా మారినా, ఆక్సిజన్ పడిపోయినా, ముందు మనిషిని పిలిచి సక్షన్ చెయ్యి. కెథెటర్ గొట్టంలోంచి దిగకపోతే గొట్టం మూసుకుపోయినట్టే, వెంటనే గొట్టం మార్చు. అదే సైజు దూరకపోతే అర సైజు చిన్నది పెట్టు. అదీ దూరకపోతే చిన్న గొట్టంలోంచి సక్షన్ కెథెటర్‌ని ముందు రంధ్రంలోకి దించి, దాని మీదుగా గొట్టాన్ని జార్చు. అదీ కాకపోతే రంధ్రాన్ని వేలితో మూసి ముక్కు, నోటి మీద మాస్కు పెట్టి, చేత్తో నొక్కే బ్యాగుతో గాలి ఇవ్వు.

ఆఖరి వాక్యం అందరికీ వర్తించదు. గొంతు పైభాగం పూర్తిగా మూసుకుపోయిన పిల్లకి నోటి నుంచి ఇచ్చిన గాలి ఊపిరితిత్తులకి చేరదు. ఆ పిల్లకి చిన్న మాస్కు మెడ రంధ్రం మీదే పెట్టాలి. ఈ రెండింటిలో ఏది అన్నది ప్రతి పిల్ల మంచం తల దగ్గర ఎర్ర అక్షరాల్లో ఉండాలి. అంబులెన్సులో వచ్చేవాళ్లకి అది తెలియదు.

వెంటిలేటర్ అలారం మోగుతున్నా కారణం తెలియకపోతే యంత్రంతో కుస్తీ పట్టొద్దు. యంత్రం తీసేసి బ్యాగుతో గాలి ఇవ్వండి. పిల్ల తేరుకుంటే తప్పు యంత్రానిది, తేరుకోకపోతే గొట్టానిదో ఊపిరితిత్తులదో. ఎక్కడ వెతకాలో అర నిమిషంలో తేలిపోతుంది.

పాస్ అయ్యారా లేదా: ఒకరు కాదు, ఇద్దరు నేర్చుకోవాలి. ఇద్దరూ విడివిడిగా తమ పిల్లకే కనీసం రెండుసార్లు గొట్టం మార్చి ఉండాలి, ఒకసారి రెండో మనిషి సాయం లేకుండా. తర్వాత ఆసుపత్రిలోనే ఒక గదిలో 48 గంటలు పిల్లని వాళ్లకి అప్పగించాలి. సిబ్బంది తలుపు బయట ఉంటారు, చెయ్యి పెట్టరు. రాత్రి ఏదో ఒక వేళ చెప్పకుండా బొమ్మ మీద 'గొట్టం ఊడింది' అని పరీక్ష పెట్టాలి. గడియారం చూస్తూ పెట్టాలి. పగటిపూట 20 సెకన్లలో చేసినవాళ్లు నిద్రమత్తులో గొట్టం నాడాలు కోసే కత్తెర ఎక్కడుందో వెతుక్కుంటూ నిమిషం దాటిస్తారు. ఆ నిమిషం ఆసుపత్రిలో బయటపడటం మంచిది.

తీగలు_బ్యాటరీలు

కరెంటు ప్రశ్నకి లెక్క వేసి చూపిస్తాను. వాట్లు ప్రతి యంత్రం వెనక పలక మీద ఉంటాయి, కిందివి ఉదాహరణకి.

ఇంటి వెంటిలేటర్ 100 వాట్లు అనుకోండి. 5 లీటర్ల ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ తీసే యంత్రం) 350. గాలికి తేమ పట్టించే, వేడి చేసే హ్యుమిడిఫయర్ 150 దాకా. సక్షన్ పంపు 80, కానీ అప్పుడప్పుడే నడుస్తుంది కాబట్టి సగటున 10. ఆక్సిమీటర్ 10.

12 వోల్టుల 150 ఆంపియర్-అవర్ సీసపు బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్-అవర్లు ఉంటాయి. సగం కన్నా ఎక్కువ తోడితే బ్యాటరీ త్వరగా చస్తుంది, కాబట్టి 900. ఇన్వర్టర్‌లో 15 శాతం పోతుంది, చేతికి వచ్చేది 765. వెంటిలేటర్, పంపు, ఆక్సిమీటర్ మాత్రమే నడిపితే 120 వాట్లు, అంటే ఆరు గంటల పైచిలుకు. అదే బ్యాటరీ మీద కాన్సంట్రేటర్ కూడా పెడితే 470 వాట్లు, గంటన్నర. బ్యాటరీ కొన్నవాళ్లు 'ఆరు గంటలు వస్తుంది' అని విని, కరెంటు పోగానే అన్నీ దాని మీద నడిపి, గంటన్నర లోపే చీకట్లో నిలబడతారు.

అందుకే కరెంటు పోయిన మొదటి అయిదు నిమిషాల్లో చేయాల్సినవి రెండే. ఆక్సిజన్‌ని కాన్సంట్రేటర్ నుంచి సిలిండర్‌కి మార్చడం. వేడి హ్యుమిడిఫయర్‌ని ఆపి, దాని బదులు హెచ్‌ఎంఈ, అంటే కృత్రిమ ముక్కు, తగిలించడం. హ్యుమిడిఫయర్, హెచ్‌ఎంఈ రెండూ ఒకేసారి ఉండకూడదు. హ్యుమిడిఫయర్ ఆవిరికి హెచ్‌ఎంఈ తడిసి బరువెక్కి గాలికి అడ్డుపడుతుంది. హెచ్‌ఎంఈలో కూడా పిల్ల బరువుకి తగిన సైజు ఉంటుంది. పెద్దవాళ్లది పసిపిల్లకి పెడితే వదిలిన గాలినే మళ్లీ పీల్చినట్టవుతుంది. అది తగిలి ఉండగా నెబ్యులైజర్ పెట్టొద్దు, రోజుకొకటి మార్చాలి, కళ్లె అంటితే వెంటనే.

సిలిండర్ లెక్క సులువు. నీళ్ల కొలతలో 10 లీటర్ల సిలిండర్‌ని 150 బార్ దాకా నింపితే సుమారు 1500 లీటర్ల ఆక్సిజన్. నిమిషానికి లీటరు చొప్పున 25 గంటలు. మీటరు 50కి దిగితే 500 లీటర్లు, 8 గంటలు. 50 దగ్గర గీత గీసి 'రీఫిల్‌కి ఫోన్' అని రాసి అంటించండి.

అరలీటరు కన్నా తక్కువ ఆక్సిజన్ తీసుకునే పసిపిల్లలకి మామూలు 5 లీటర్ల ఫ్లోమీటర్ మీద అంకె నమ్మదగింది కాదు. తక్కువ ప్రవాహాన్ని కొలిచే ఫ్లోమీటర్ విడిగా తగిలించాలి.

ఇంటిని ముందుగా చూసివచ్చేవాళ్లు ప్లగ్గులు లెక్కపెట్టాలి. వెంటిలేటర్, హ్యుమిడిఫయర్, పంపు ఛార్జర్, కాన్సంట్రేటర్, ఆక్సిమీటర్, ఫీడింగ్ పంపు: ఆరు. అన్నీ ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సుకి గుచ్చితే ఒక్క ఫ్యూజుతో అన్నీ ఆగుతాయి. వెంటిలేటర్, కాన్సంట్రేటర్ వేర్వేరు సర్క్యూట్ల మీద ఉండాలి, ఎర్తింగ్ సరిగా ఉండాలి. ఇన్వర్టర్ ప్యూర్ సైన్‌వేవ్‌దే కావాలి. చౌకరకం స్క్వేర్‌వేవ్‌తో కొన్ని యంత్రాలు వేడెక్కుతాయి, కొన్ని అసలు బ్యాటరీ ఛార్జి చేయవు.

హ్యుమిడిఫయర్ పిల్ల తల కన్నా కింద ఉండాలి. పైన ఉంటే ట్యూబుల్లో పేరుకున్న నీళ్లు గొట్టంలోకి జారతాయి. ఆ నీళ్లని పిల్లకి అవతలి వైపుకి వంచి పారబోయాలి, మళ్లీ గిన్నెలోకి పోనివ్వకూడదు. కాన్సంట్రేటర్ గోడకి ఒక అడుగు ఎడంగా, వెనక జాలీ వడపోత వారానికోసారి కడిగి ఆరబెట్టి. ఆక్సిజన్ ఉన్న గదిలో మంట ఉండకూడదు, పిల్ల ముక్కుకి వాజలీన్ లాంటి జిడ్డు రాయకూడదు.

ఒక చిన్న సంగతి: బీరువాలో పెట్టిన రిజర్వు బ్యాటరీ దానంతటదే ఖాళీ అవుతుంది. నెలకోసారి పిల్లకి తగిలించకుండా, టెస్ట్ లంగ్ (ఊపిరితిత్తి బదులు తగిలించే సంచి) మీద, యంత్రాన్ని దాని మీద నడిపి ఎన్ని నిమిషాలొచ్చిందో తేదీతో రాయాలి. పోయినసారికన్నా బాగా తగ్గితే బ్యాటరీ మార్చే రోజు వచ్చిందన్నమాట.

చుక్క_చుక్కగా

ఊపిరి గురించే అందరూ మాట్లాడతారు గానీ ఇంటి నుంచి రాత్రిపూట వచ్చే ఫోన్లలో పొట్ట గొట్టానివి తక్కువేం కాదు.

గాస్ట్రోస్టమీ గొట్టం, అంటే పొట్ట గోడలోంచి పెట్టిన ఫీడింగ్ ట్యూబు, ఊడిపోతే గడియారం మొదలైనట్టే. రంధ్రం కొన్ని గంటల్లోనే మూసుకోవడం మొదలుపెడుతుంది. ఆపరేషన్ అయి ఎన్ని వారాలైందన్నది ఇక్కడ ముఖ్యం. మొదటి ఆరు, ఎనిమిది వారాల్లో ఊడితే ఇంట్లో గుచ్చకూడదు. పొట్ట గోడకి, జీర్ణాశయానికి మధ్య దారి గట్టిపడి ఉండదు, గొట్టం కడుపు ఖాళీలోకి పోవచ్చు, ఆ తర్వాత ఫీడు పెడితే ప్రాణం మీదికి వస్తుంది. నేరుగా ఆసుపత్రికే. పాతబడిన రంధ్రమైతే ఇంట్లో ఉన్న రెండో గొట్టమో, అదే సైజు లేదా ఒక సైజు చిన్న ఫోలీ కెథెటరో (చివర బెలూన్ ఉండే మెత్తటి ట్యూబు) నెమ్మదిగా పెట్టి టేపు వేయాలి. దారి మూసుకోకుండా ఆపడమే ఆ పని. లోపలి ద్రవం లాగి పీహెచ్ కాగితం మీద 5.5 లేదా అంతకన్నా తక్కువ చూపిస్తేనే ఫీడు. ఆమ్లం తగ్గించే మందులు వాడే పిల్లలో ఈ అంకె తప్పుదారి పట్టిస్తుంది, ఆ పిల్లలకి ఏం చేయాలో ముందే రాసి ఇవ్వాలి.

గొట్టాన్ని లోపల పట్టి ఉంచే బెలూన్‌లో నీళ్లు వారానికోసారి లాగి కొలవాలి. ఎంత పోయాలో గొట్టం మీదే ముద్రించి ఉంటుంది. స్టెరైల్ నీళ్లు పోయాలి, సెలైన్ వద్దు. సెలైన్‌లోని ఉప్పు గడ్డకట్టి వాల్వు బిగుసుకుపోతుంది, తీయాల్సిన రోజు బెలూన్ ఖాళీ కాదు.

గొట్టం మూసుకుపోవడానికి ఫీడు కన్నా మందులే ఎక్కువ కారణం. రెండు మందులు ఒకే సిరంజిలో కలపొద్దు. ఒకటి, మధ్యలో నీళ్లు, ఇంకొకటి. ముందూ వెనకా 5 నుంచి 10 మి.లీ. నీళ్లు, నెలల పసివాళ్లకి డాక్టరు చెప్పినంత తక్కువ. నెమ్మదిగా విడుదలయ్యే మాత్రల్ని, పేగులో కరిగే పూత ఉన్న మాత్రల్ని నూరకూడదు, మోతాదంతా ఒక్కసారే పడుతుంది. మూసుకుపోతే గోరువెచ్చటి నీళ్లు సిరంజితో ముందుకీ వెనక్కీ కొద్దికొద్దిగా ఆడించాలి. తీగ దూర్చొద్దు. చిన్న సిరంజితో బలంగా నెట్టొద్దు, సిరంజి సన్నదయ్యేకొద్దీ ఒత్తిడి పెరిగి గొట్టం చీలుతుంది.

పొడితో కలిపిన ఫీడు మామూలు గదిలో 4 గంటలు దాటి వేలాడకూడదు. రాత్రంతా నడవాల్సిన ఫీడుని 4 గంటల చొప్పున పోయాలి. ఎవరు లేచి పోస్తారు అన్నది కూడా ముసాయిదాలో ఉండాలి. నిద్ర లెక్కలో ఇదీ ఒక ముక్కే. ఫీడు జరిగేంతసేపూ, తర్వాత అరగంటా తల 30 డిగ్రీలకి తగ్గకుండా ఎత్తులో.

మోతాదు కాగితం మీద 'మి.గ్రా.' మాత్రమే రాసి ఇవ్వడం పెద్ద తప్పు. ఇంట్లో కొలిచేది మి.లీ.లో. మందుల షాపు వేరే గాఢత సిరప్ ఇస్తే అదే మి.లీ.కి మోతాదు రెట్టింపు అవుతుంది. మి.గ్రా., సీసా గాఢత, మి.లీ. మూడూ రాయాలి, 'సీసా మీద గాఢత వేరైతే ఇవ్వకుండా ఫోన్ చేయండి' అని కింద రాయాలి.

వార్డు_కిటికీ

అందరికీ కృతజ్ఞతలు. అలారం పరీక్ష, 'మూడూ రాయాలి' అన్నది రేపే ముసాయిదాలోకి వెళ్తాయి. నాలుగో ప్రశ్న మిగిలింది. నర్సు లేకుండా తల్లిదండ్రులు ఇద్దరే నడపగలరా? రాత్రి కాపలా ఎవరిది?

షిఫ్టుల_లెక్క

వారానికి 168 గంటలు. మేలుకుని ఉన్న, శిక్షణ పొందిన మనిషి ఒకరు ఎప్పుడూ పిల్ల దగ్గర ఉండాలన్నదే పైన చెప్పిన 2016 మార్గదర్శకాల మాట. ఇద్దరు తల్లిదండ్రులు, ఒక్కొక్కరికి రోజుకి 8 గంటల నిద్ర అనుకుంటే వారానికి చెరో 112 మేలుకున్న గంటలు, మొత్తం 224. అందులో 168 పిల్లకి పోతే మిగిలేది 56. తలా 28, అంటే రోజుకి 4 గంటలు. ఆ నాలుగు గంటల్లో ఉద్యోగం, వంట, స్నానం, పెద్ద పిల్లాడి బడి. కాగితం మీదే ఇది కుదరడం లేదు. 'ఇద్దరూ శిక్షణ పాసయ్యారు, పంపేద్దాం' అంటే అర్థం, నిద్ర తెగ్గొట్టి నడపండి అని. నిద్ర లేని మనిషి అలారం ఆపేసి మళ్లీ పడుకుంటారు. అది నిర్లక్ష్యం కాదు, శరీరం చేసే పని.

నర్సుల వైపు నుంచి చూస్తే: రాత్రి 10 గంటల కాపలా వారానికి 70 గంటలు. వారానికి 40 గంటలు పనిచేసే ఇద్దరితో సరిపోయినట్టు కనిపిస్తుంది, ఒకరికి జ్వరం వస్తే కూలిపోతుంది. ముగ్గురి జట్టు కావాలి. 24 గంటలూ నర్సే అంటే 4.2 మంది, సెలవులు కలిపితే అయిదుగురు. అంత ఎక్కడా దొరకరు. కాబట్టి దొరికిన గంటలన్నీ రాత్రికే పెట్టండి. పగలు నాలుగు గంటలొచ్చి వెళ్లే నర్సు వల్ల కుటుంబానికి కొంత ఊరట, రాత్రి వచ్చే నర్సు వల్ల పిల్లకి ప్రాణరక్షణ.

మొదలుపెట్టొచ్చా అంటే, పెట్టొచ్చు, కానీ వెంటిలేటర్ పిల్లలతో కాదు. ముందు ఆక్సిజన్ మాత్రమే ఉన్నవాళ్లు, పొట్ట గొట్టం ఉన్నవాళ్లు. తర్వాత వెంటిలేటర్ లేని ట్రాకియాస్టమీ. సామాన్ల సరఫరా, ఫోన్ లైను, ఇంటి సందర్శన ఈ తేలిక పిల్లల మీద సాఫీగా నడిచాకే రాత్రి వెంటిలేటర్. 24 గంటల వెంటిలేటర్ ఆఖరున.

డబ్బు దగ్గర చాలా కార్యక్రమాలు ఆగుతాయి, ఖర్చు ఎక్కువై కాదు, డబ్బు వచ్చే దారి ఆసుపత్రి గేటు దగ్గర ఆగిపోవడం వల్ల. అమెరికాలో కేటీ బెకెట్ అనే చిన్నారి కథ దీనికి పాత ఉదాహరణ. మెదడు వాపు వల్ల వెంటిలేటర్ అవసరమైన ఆ పాప మూడేళ్లకి ఇంటికి వెళ్లగల స్థితికి వచ్చింది. ఆసుపత్రిలో ఉంటే ప్రభుత్వ బీమా చెల్లిస్తుంది, ఇంటికి వెళ్తే తల్లిదండ్రుల ఆదాయం లెక్కలోకి వచ్చి అర్హత పోతుంది. 1981లో అధ్యక్షుడు రీగన్ దాకా వెళ్లాక ఆమెకి మినహాయింపు వచ్చింది. 1982లో చట్టం మారి, ఇలాంటి పిల్లల విషయంలో తల్లిదండ్రుల ఆదాయం చూడకుండా ఇంటి సంరక్షణకి చెల్లించే వెసులుబాటు రాష్ట్రాలకి దొరికింది. మీ ముసాయిదాలో కూడా వెతకాల్సింది అదే: ఏ కాగితం మీద 'ఆసుపత్రిలో ఉంటేనే' అని ఉంది? మందులకా, కెథెటర్లకా, యంత్రం అద్దెకా? ఒక్కొక్కటిగా ఆ మాట తీయించాలి.

అమెరికాలోనే కొన్ని రాష్ట్రాల్లో శిక్షణ పొందిన తల్లికో తండ్రికో సంరక్షణ గంటలకి జీతం ఇస్తారు. ఉద్యోగం మానేయాల్సి వచ్చిన ఇంటికి అది పెద్ద ఆసరా.

ఊపిరి_లెక్క

జీతం మంచిదే. ఒక్క షరతు: అది రాత్రి నర్సుకి బదులు కాకూడదు. 'అమ్మకి జీతం ఇస్తున్నాంగా' అని నర్సు గంటలు కోస్తే పైన వేసిన 168 గంటల లెక్క ఏమీ మారదు. జీతం వచ్చినంత మాత్రాన ఎవరికీ 25వ గంట రాదు.

ఇంకొకటి, నర్సు అనగానే నిశ్చింత వద్దు. పెద్దవాళ్ల వార్డులో ఇరవై ఏళ్లు చేసినా 3.5 మి.మీ. గొట్టం ఎప్పుడూ మార్చని నర్సు కన్నా, 48 గంటల పరీక్ష పాసైన అమ్మమ్మ మేలు. ఇంటికి వెళ్లే నర్సుకి కూడా అదే గదిలో, అదే బొమ్మ మీద, అదే గడియారం పెట్టాలి.

షిఫ్టుల_లెక్క

షరతుకి ఒప్పుకుంటున్నాను. అమ్మమ్మ విషయంలో సగమే. ఆమె గొట్టం మార్చగలదు, కానీ సెట్టింగు మార్చాలా వద్దా అన్నది ఆమె మీద వేయకూడదు. అందుకే ఫోన్ లైను. 24 గంటలూ ఒకే నంబరు, ఎత్తేవాళ్ల ముందు ఆ పిల్ల ఒక పేజీ కాగితం: గొట్టం రకం, సైజు, పొడవు, కఫ్ ఉందా, సెట్టింగులు, మామూలుగా ఉండే ఆక్సిజన్ అంకె, పై గొంతు తెరిచి ఉందా, బరువు, మందులు. బరువు మారినప్పుడల్లా కాగితం మార్చాలి, పాతది చింపేయాలి. అదే కాగితం ఒక ప్రతి ఎమర్జెన్సీ సంచిలో.

సంచి గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి: అదే సైజు గొట్టం, అర సైజు చిన్నది, గొట్టం కట్టే నాడాలు, కత్తెర, నీళ్లలో కరిగే జెల్, భుజాల కింద పెట్టడానికి చుట్టిన తువ్వాలు, బ్యాగు, రెండు సైజుల మాస్కు, చేత్తో నొక్కే చిన్న సక్షన్, కెథెటర్లు. పిల్ల పక్క గదికి వెళ్లినా సంచి వెళ్లాలి. నాడా కింద ఒక వేలు పట్టాలి, రెండు పట్టాయంటే గొట్టం ఊడేంత వదులుగా ఉన్నట్టే.

సామాన్లలో తప్పేది ఎప్పుడూ చిన్నవాటి దగ్గరే. రోజుకి పదిసార్లు సక్షన్ అంటే నెలకి 300 కెథెటర్లు, జలుబు చేసిన వారం అది రెట్టింపు. ఇంట్లో ఎప్పుడూ రెండు వారాల సరుకు మిగిలి ఉండగానే తర్వాతి నెలది చేరాలి. కెథెటర్లు అయిపోయిన ఇల్లు వాడినదే మళ్లీ వాడుతుంది, లేదా సక్షన్ తగ్గిస్తుంది. రెండోదే ఎక్కువ ప్రమాదం.

వార్డు_కిటికీ

డిశ్చార్జి రోజు విషయంలో ఏమైనా నియమం పెట్టాలా?

ఊపిరి_లెక్క

వారం మొదట్లో, పొద్దున్నే. మంగళవారం పదింటికి వెళ్తే సాయంత్రానికి ఏ ప్లగ్గు సరిపోలేదో, ఏ కనెక్టర్ ఆసుపత్రిలో మరిచారో తెలుస్తుంది, సరిచేయడానికి మనుషులూ దొరుకుతారు. శుక్రవారం సాయంత్రం వెళ్తే సోమవారం దాకా ఎవరూ ఎత్తరు. యంత్రాలన్నీ ముందు రోజే ఇంట్లో చేరి, ఒక గంట నడిచి ఉండాలి. మొదటి రాత్రి ఫోన్ మీరే చేయండి, వాళ్లు చేసేదాకా ఆగొద్దు. అడగాల్సింది 'ఎలా ఉంది' అని కాదు: 'ఇప్పుడు ఆక్సిమీటర్ మీద అంకె ఎంత, రెండో గొట్టం ఎక్కడ పెట్టారు, ఇప్పుడు పడుకున్నది ఎవరు, ఎన్నింటికి లేస్తారు?'